తలకా, కార్డుకా?

2026 జనవరి 10వ తేదీ మొదలుకొని ఐరోపా సమాఖ్య దేశములలో వినోదార్థము సముద్రమున గాలము వేయువారు తమ పేరు నమోదు చేయించుకొని, లెక్కకు వచ్చు జాతుల చేప యేది చిక్కినను ఫోను ద్వారా ప్రభుత్వమునకు విన్నవించుకొనవలెనన్న శాసనమును పాఠకులు చదివియే యుందురు. నేను మాత్రము దానిని పత్రికలో చదువలేదు. సంక్రాంతికి ఐర్లండు నుండి వచ్చిన మా మేనల్లుడు కడప జిల్లా చాపాడులోని మా అరుగుమీద కూర్చుండి, భోగినాటి ఉదయమున బొరుగులు నములుచు చెప్పగా వింటిని. వానికి శని ఆదివారములలో సముద్రపుటొడ్డున గాలము పట్టుకొని నిలుచుండుట వ్యసనము.

"నిరుడంతా రోజుకు రెండే మామా. మూడోది పడితే నీళ్లలో వదిలెయ్యాల్సిందే" అని వాడు సగర్వముగా పలికెను.

ఆ రెండును మన పండుగప్పను బోలిన యొక జాతి చేపలట. ఒక్కొక్కటి 42 సెంటీమీటర్లకు తక్కువ యుండరాదు. ఫిబ్రవరి మార్చి నెలలలో నైనచో అంత పొడవుగలదియు ఇంటికి రాదు. బాల్టిక్ సముద్రమున కాడ్ అను చేపకు రోజున కొకటి యను హద్దుండెడిది. 2024 నుండి ఆ యొక్కటియు లేదు. అచ్చటనే 2025లో సాల్మను చేప నొకదానిని ఉంచుకొననిచ్చిరి గాని, అది పెంపుడు కేంద్రమున పుట్టినదనుటకు గుర్తుగా వీపుమీది చిన్న రెక్క కత్తిరింపబడినదై యుండవలసియుండెను. రెక్క చెక్కుచెదరని చేప చిక్కెనేని, నమస్కరించి సాగనంపవలెను.

ఇంతవరకు నాకే యాక్షేపణయు లేకుండెను. వలలు పెరిగి చేప తరుగుచున్న కాలమున హద్దు గీయుట వివేకమే గదా యని తలయూపుచుంటిని. ఇంతలో ప్రక్కయరుగుమీది పెద్దాయన, తుండుగుడ్డ భుజము మార్చుకొని, మిక్కిలి శ్రద్ధతో నొక ప్రశ్న వేసెను.

"రోజుకు రెండా? తలకా, కార్డుకా?"

"ఇచ్చేది కాదు తాతా! అంతకు మించి పట్టకూడదని" అని మావాడు సవరించెను.

"మించకూడదంటే అంత దొరుకుతుందనే కదబ్బీ. దొరక్కుంటే మించేదెట్లా?"

డబ్లినులో చదువని తర్కమిది. కలుగుటకు ప్రసక్తియున్న దానినే నిషేధింపవలెనని మీమాంసకులు వేయేండ్ల క్రిందటనే తేల్చిరి. ఆకాశమున నాగలి దున్నరాదని యే ధర్మశాస్త్రమును చెప్పలేదు. కావున నొకచోట రెండు చేపలకు మించి పట్టరాదని శాసనము పుట్టినదన్న, అచ్చట మూడవ చేప యున్నదని ప్రభుత్వము వారే సంతకము చేసి యొప్పుకొన్నట్లు. మన పెద్దలింతకాలము పొరపాటు పడిరి. నీరిండు, కాలువ లిండు, జలాశయములిండు అని యడిగి కాలము వ్యర్థపుచ్చిరి. అడుగవలసినది నిషేధమును!

కనుమనాటి సాయంకాలమునకు వినతిపత్రము సిద్ధమైనది. అందలి ప్రార్థన యొక్కటే: చాపాడు మండలవాసులెవ్వరును వినోదార్థము సముద్రమున, రోజునకు, తలకు, రెండు చేపలకు మించి పట్టరాదని ప్రభుత్వము వారు దయతో నిషేధింపవలెను. మాకును సముద్రమునకును నడుమ నల్లమలయు వెలిగొండలును, ఆపైన నెల్లూరు జిల్లాయు నున్నవన్న యల్పవిషయమును పత్రమున ప్రస్తావింపలేదు. నిషేధము వెలువడినపిమ్మట దాని నుల్లంఘించుటకు వలయు వసతులు కల్పించు బాధ్యత ప్రభుత్వము వారిదే గనుక, సముద్రము దానంతట నదియే మంజూరు కాగలదు.

మా యర్హతలను మూడింటిని పొందుపరచితిమి. మొదటిది నామధేయము. మా సీమ నోట చేప 'చాప' యగును. కనుక చాపాడన్న చేపలాడు చోటని యర్థము చెప్పితిమి. భాషాశాస్త్రజ్ఞులు కాదనవచ్చును గాని, వారి యొద్దకు దస్త్రము పోదు. రెండవది చరిత్ర. కర్నూలు కడప కాలువను 1863 మొదలు 1870 వరకు ఒక ఆంగ్లేయ కంపెనీవారు త్రవ్వించినది సేద్యమునకే గాదు, పడవలు నడుపుటకును. పడవ నిలుచుచోటు రేవు. రేవున్నచోట సముద్రముండుట మర్యాద. మూడవది కృతజ్ఞత. మా కుందూనది పెన్నలో గలియగా, పెన్న నెల్లూరు దాటి బంగాళాఖాతమున బడుచున్నది. ఇన్ని యుగములుగా మా నీటిని పుచ్చుకొన్న సముద్రము తలకు రెండు చేపలైనను తిరిగి పంపకుండుట ఏ నీతి?

పరిపాలనా విషయములలో కొంత చిక్కు లేకపోలేదు. మండలమున దొరకు కొలబద్దలన్నియు బడిపిల్లలవి. 30 సెంటీమీటర్లతో ముగియును. మిగిలిన 12 సెంటీమీటర్లకు టెండరు పిలువవలెను. టెండరు ఖరారగువరకు 30 సెంటీమీటర్ల చేపను 42 సెంటీమీటర్లదిగా భావింపవలసినదని యొక మెమో చాలును. చౌకదుకాణమున వేలిముద్ర యంత్రము కార్డుదారుని గుర్తింపనట్లే చేప రెక్కముద్రను గూడ గుర్తింపకపోవచ్చును. అట్టి సందర్భమున చేపను రేపు రమ్మనవలెను. రెక్క కత్తిరించిన చేపల కొరకు మేము పట్టుపట్టలేదు. మా వాటా యేదైనను మా చేతికి వచ్చునప్పటికి రెక్కలు కత్తిరింపబడియే యుండును.

ఇక బకాయిలు. 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో, కృష్ణా, తుంగభద్ర, పెన్నల నీటి విషయమున పదేండ్లపాటు రాయలసీమకును నెల్లూరికిని ప్రాధాన్యము నిత్తుమని పెద్దమనుషులు వ్రాసుకొనిరి. నీటిలో ప్రాధాన్యము గలవానికి అందలి చేపలోను ప్రాధాన్యముండును గావున, ఆనాటినుండి లెక్కగట్టగా తలకు 64 వేల పైచిలుకు చేపలు రావలసియున్నవి. ఈ మొత్తము నొక్కమారుగా దింపిన మండలమున నిలుచుటకు తావుండదు గనుక వాయిదాల పద్ధతికి సమ్మతించితిమి.

చివరి యంశము పంపకము. పైనుండి క్రిందికి, గ్రామము తరువాత గ్రామముగా చేపలు వచ్చునప్పుడు తల భాగము పైవారికిని నడుము నడిమివారికిని పోగా మాకేమి మిగులునని యొకరు సందేహపడిరి. పెద్దాయన నవ్వెను.

"చాపైనా కాలవైనా మనకు తోకేలేబ్బీ. కె.సి. కాలవకూ పెద్ద అంకే రాసినారు గదా!"

వ్రాసిరి. కృష్ణా జలములను పంచిన బచావత్ ట్రిబ్యునలు వ్రాసినది: 39.9 టి.ఎం.సి.లు. ఆ యంకె మా యింటిపేరువలె మాకు కంఠస్థము. దాని క్రింద 2 లక్షల 65 వేల యెకరముల ఆయకట్టు. ఆ నీటిని పట్టి నిలుపుటకు సుంకేసుల వద్ద నున్న తావెంత? 1.2 టి.ఎం.సి. పుట్టెడు ధాన్యమునకు హక్కుపత్రము వ్రాసి, కొలుచుకొనుటకు గిద్దెడు గిన్నె చేతికిచ్చిరి. తుంగభద్ర పొంగినప్పుడు మా కన్నులయెదుటనే నీరు దాటిపోవును. వరి పొట్టకు వచ్చినప్పుడు కాలువ చివర రైతు రాత్రులు గట్టుమీద కూర్చుండి, పైవారితో జగడమాడి, తుదకు డీజిలు కొనును. గుండ్రేవుల వద్ద జలాశయము కట్టుడని యడిగి యడిగి నోళ్ళు నొచ్చినవి. కట్టినవారు లేరు. "మీ వాటా మీకుండనే యున్నదిగదా" అని చెప్పువారు మాత్రము ప్రతి యెన్నికకును వత్తురు. ఉన్నదా? ఎచ్చట నున్నదో చూపుడు! కాగితమును పిండిన మడి తడియునా?

ఐరోపావాడు ముందుగా శాస్త్రజ్ఞులచేత సముద్రములో చేపలెన్నియో అంచనా కట్టించి, పిదప హద్దు వ్రాయును. వాని హద్దు వెనుక చేప యున్నది. మా హద్దు వెనుక ఏమియు లేదు. లేనిదానికి హద్దు గీయుట పరిపాలన గాదు, మోసము. ఆ మోసమును అర్ధశతాబ్దము మర్యాదగా భరించినందులకు మాకును సిగ్గుండవలెను.

వినతిపత్రమును పంపలేదు. మరునాడు మేనల్లుని బస్సెక్కించుటకు పోయినప్పుడు పెద్దాయనయు వెంటవచ్చెను. వాడు ఫోనులోని చేపల పద్దును చూపగా, కన్నులు చికిలించి చాలసేపు చూచెను.

"ఏమీ పడనోడు దీంట్లో ఏం రాయాలబ్బీ?"

"పడింది చెప్పాల తాతా. పడకుంటే ఇంక చెప్పేదేముంది?"

పెద్దాయన ఫోనును వాని చేతికిచ్చివేసెను.

"అట్లయితే మన లెక్క యాడ రాస్తారు?"