లెక్కల్లో నాకు వెడల్పు లేదు

పెద్దపల్లి–నిజామాబాద్ రైలుదారి పక్కన, కొండగట్టు అంజన్న దర్శనానికి పోయేవాళ్లు దిగే నూకపల్లి–మల్యాల స్టేషన్‌కు దగ్గర్లో పాతిన కరెంటు స్తంభాన్ని నేను. పై తీగను మోయడం నా ఉద్యోగం. పేరు మాత్రం లెక్కల పుస్తకం వల్లే వచ్చింది: 200 మీటర్ల రైలు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతూ స్తంభాన్ని ఎంతసేపట్లో దాటుతుంది? 72ను 5/18తో గుణిస్తే సెకనుకు 20 మీటర్లు. జవాబు 10 సెకన్లు. ఇందులో నా వెడల్పును ఎవరూ పట్టించుకోరు. నొచ్చుకోను. కదలకుండా చూసే ఒక చోటు కావాలనే నన్ను అక్కడ నిలబెట్టారు. సాపేక్ష వేగం లెక్క ఏదైనా అంతే: కూడాలా, తీసివేయాలా అని తడుముకునే ముందు, ఇందులో స్తంభం ఎవరో తేల్చుకోవాలి.

ఎదురుగా 150 మీటర్ల రైలు గంటకు 54, అంటే సెకనుకు 15 మీటర్ల చొప్పున వస్తోందనుకోండి. దాని కిటికీ పక్కన కూర్చున్న మనిషి తాను కదలడం లేదనుకుంటే చాలు, స్తంభమైపోతాడు. తన 15 కూడా అవతలి రైలు ఖాతాలో పడి, అది 35తో దూసుకొస్తుంది. అతన్ని దాటడానికి దానికి 6 సెకన్లు కూడా పట్టవు. అతని రైలంతటినీ దాటాలంటే రెండు పొడవులూ కలిపి 350 మీటర్లు, 10 సెకన్లు. ఒకే దిక్కున పోతుంటే తేడా 5 కనుక 70 సెకన్లు. పోటీ పరీక్షలో ఇంత ఆలోచించే తీరిక ఎక్కడిది, సూత్రం బట్టీ పడితే చాలదా అంటారు. వేగాల సంగతి సూత్రం చూసుకుంటుంది, నిజమే. మార్కులు పోయేది పొడవుల దగ్గర. స్తంభానికి రైలు పొడవొక్కటే, ప్లాట్‌ఫారానికి దాని పొడవు కూడా కలపాలి, రైల్లో మనిషికి మళ్లీ ఒకటే.

మాది ఒంటి లైను కదా, పరుగులో రెండు రైళ్లు ఎదురుపడేదెక్కడ అని ఇంకొకరి సందేహం. క్రాసింగ్ పడితే ఒకటి లూపు లైనులో ఆగాల్సిందే. ఆగినదాని వేగం సున్నా, కాబట్టి 350ని 20తో భాగిస్తే 17.5 సెకన్లు, అందులో కూర్చున్నవాడికి నాకు పట్టినట్టే 10. పక్క రైలు కదిలితే తన రైలే కదిలిందని అతను భ్రమపడడమూ, రెండో కిటికీలోంచి చూసి తేరుకోవడమూ ఈ లెక్కే. 499 నాటి ఆర్యభటీయం ఎదురెదురుగా వచ్చేవాటి నడుమ దూరాన్ని వేగాల మొత్తంతోనూ, ఒకే దిక్కున పోయేవాటి నడుమ దూరాన్ని తేడాతోనూ భాగించమంది. పడవలో ముందుకు పోయేవాడికి గట్టు వెనక్కి పోతున్నట్టు, తిరిగే భూమి మీది మనకు నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయనీ అంది. అలాగైతే నువ్వు మాత్రం ఆగి ఉన్నావా అంటారేమో. లేను, భూమితో పాటు గంటకు సుమారు 1,580 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతున్నాను. ఆ వేగం రైలుకూ ఉంది. రెండువైపులా కొట్టేస్తే మిగిలేది 20. తూర్పున కరీంనగర్ వైపు పోయినా, పడమట కోరుట్ల వైపు పోయినా నన్ను దాటడానికి దానికి 10 సెకన్లే.