ఊడ్పు సూత్రం: టీకా తాత్పర్య సహితం

కోలాచల మల్లినాథసూరి మన మెదక్ సీమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాశాడు. ఈ టీకాకారుడు ఆ మాటలో మొదటి సగానికే కట్టుబడతాడు. రెండో సగానికి కూడా కట్టుబడితే పత్రికలో పేజీ నిండదు. పైగా ఇక్కడ వ్యాఖ్యానానికి దొరికింది కావ్యం కాదు. కాలిఫోర్నియాలోని డబ్లిన్ ఊళ్లో, హోంవర్కుకీ రాత్రి భోజనానికీ మధ్య దొరికిన గంటలో, మ్యాట్ మీద ఉత్త కాళ్లతో నిలబడ్డ పిల్లలకు జూడో కోచ్ చెప్పే మూడు ముక్కలు.

మూలం: "కాలు చూడకు. అడుగు దిగబోతుండగా అరికాలితో ఊడ్చు. చెయ్యి మరిచిపోకు."

అవతారిక. దేశకాలాలు చెప్పకుండా టీకా మొదలుపెట్టడం మర్యాద కాదు. 580, 680 హైవేలు కలిసే చోటున్న డబ్లిన్ 1982 ఫిబ్రవరి 1న నగరమైంది. 2010 జనగణనలో 46,036 మంది ఉన్న ఊరు 2020 నాటికి 72,589కి పెరిగింది. పెరిగినవారిలో మనవాళ్లు ఎందరో తెలియాలంటే ఓ సాయంత్రం ఎమరాల్డ్ గ్లెన్ పార్కు చుట్టూ నడిచి, చెవిన పడే మాటలు వింటే చాలు. ఇక జిగోరో కానో టోక్యోలో ఒక బౌద్ధాలయపు గదుల్లో, కొద్దిమంది శిష్యులతో కోడోకాన్ స్థాపించింది 1882లో. అంటే జూడో పుట్టిన సరిగ్గా నూరేళ్లకు డబ్లిన్ నగరం పుట్టింది. దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదు. అయినా సంవత్సరాలు ఇంత చక్కగా కుదిరితే వదిలిపెట్టే టీకాకారుడు ఎక్కడైనా ఉంటాడా?

సూత్రం చెప్పే విద్య పేరు దే-ఆషి-బరాయి. ముందుకొచ్చే కాలిని ఊడ్చి మనిషిని పడేయడం. కోడోకాన్ 1895లో తన పట్లను వర్గాలుగా కూర్చి, 1920లో సవరించింది. సవరించిన క్రమంలో ఐదు వర్గాలు, వర్గానికి ఎనిమిది చొప్పున 40 పట్లు. ఆ నలభైలో మొట్టమొదటిది ఇదే. మొదటి పాఠం గనక తేలికైన పాఠమని కొత్తగా చేరినవాళ్లు అనుకుంటారు. ఏళ్ల తరబడి నల్లబెల్టు కట్టినవాళ్లు కూడా దీన్నే ఇంకా దిద్దుకుంటూ ఉంటారు.

ప్రతిపదార్థం. "కాలు చూడకు": ఎదుటివాడి పాదాల వైపు చూపు దించకు అని. నిషేధంతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. చూపు దిగితే తల వంగుతుంది, తల వంగితే నడుము వంగుతుంది, నడుము వంగినవాణ్ని పడేయడానికి ఏ విద్యా అక్కర్లేదు. పైగా కళ్లు ఎటు పోతే మనసులో మాట అటే బయటపడుతుంది. మరి కాలు చూడకుండా అడుగు వస్తున్నట్టు తెలిసేదెలా? చేతుల ద్వారా. జూడోలో ఒక చెయ్యి ఎదుటివాడి మెడపట్టీని, రెండో చెయ్యి మోచేతి దగ్గరి చొక్కాని పట్టుకుని ఉంటుంది. అతను కుడికాలు ఎత్తబోయే ముందు బరువు ఎడమ వైపుకు ఒరుగుతుంది. ఆ ఒరుగు భుజంలోంచి ముతక నూలుగుడ్డలోకి, గుడ్డలోంచి పట్టుకున్న వేళ్లలోకి వస్తుంది. పట్టు బిగించి, మోచేతులు కర్రల్లా పెట్టుకున్న పిల్లవాడికి ఈ కబురు అందదు. అందుకే కోచ్ గంటకు పదిసార్లు "చేతులు వదులు చెయ్" అని అరుస్తాడు. వదులు చెయ్యమంటే పూర్తిగా వదిలేసే శిష్యులూ ఉంటారు. వాళ్లకు వేరే టీకా కావాలి.

"దిగబోతుండగా": సూత్రానికి ప్రాణం ఈ మాటలోనే ఉంది. కాలు ఇంకా గాల్లో ఉండగా ఊడిస్తే, అవతలివాడు దాన్ని నింపాదిగా ఇంకోచోట పెట్టుకుంటాడు. ఊడ్చినవాడు ఒంటికాలి మీద మిగిలిపోతాడు. కాలు పూర్తిగా దిగి, ఒంటి బరువంతా దానిమీద పడ్డాక ఊడిస్తే, పాదానికీ మ్యాట్‌కీ మధ్య రాపిడి దాన్ని అంగుళం కదలనివ్వదు. గుంజను తన్నిన ఫలితం దక్కుతుంది. ఈ రెండింటి నడుమ ఓ రెప్పపాటు ఉంది. పాదం మ్యాట్‌ను తాకింది, బరువు మాత్రం ఇంకా దారిలో ఉంది. మనిషి మనసులో ఆ కాలి మీద అప్పటికే నిలబడ్డాడు, ఒళ్లు ఇంకా రాలేదు. ఇక ఆ అడుగు వెనక్కి తీసుకోలేడు, పక్కకు మార్చుకోలేడు. సరిగ్గా అప్పుడు పక్కనుంచి ఊడిస్తే పెద్దగా బలం అక్కర్లేదు. పడ్డవాడికి కూడా తనను ఎవరో తన్నినట్టు ఉండదు. నేల లేకుండా పోయినట్టు ఉంటుంది.

ఛందోవిశేషం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇద్దరు పట్టు పట్టుకుని మ్యాట్ మీద కదులుతుంటే ఆ అడుగులకు ఒక నడక ఏర్పడుతుంది. అడుగు ఆగే చోటు యతిస్థానం. ఊడ్పు అక్కడ పడాలి. ఒక అడుగు ముందు పడినా, వెనక పడినా యతిభంగం. అందుకే ఈ పట్టును నిలబడ్డవాడి మీద నేర్పరు. జతగాడిని వెనక్కి నడిపిస్తూ, ముందుకు రప్పిస్తూ, మ్యాట్ ఈ కొస నుంచి ఆ కొసకు పోతూ "ఒకటి, రెండు, ఊడ్పు" అని నేర్పుతారు. నిలబడ్డవాడి కాలు ఊడ్చడం మొదలుపెట్టిన పిల్లవాడు నెల తిరిగేసరికి తన్నడం బాగా నేర్చుకుంటాడు.

"అరికాలితో": చిటికెనవేలి వైపు అంచు మ్యాట్‌ను రాసుకుంటూ, అరికాలు లోపలికి తిప్పి, ఎదుటివాడి చీలమండ ఎముకకు కాస్త కిందుగా. కాలివేళ్లతో కాదు, ముంగాలి ఎముకతో అసలే కాదు. ఈ ఒక్క మాట చెవిన పెట్టనివాళ్లను మొదటి నెలలో వాళ్ల ముంగాళ్ల మీది నీలపు మచ్చలను బట్టి పోల్చుకోవచ్చు.

"ఊడ్చు" అన్నాడు గానీ "కొయ్యి" అనలేదు, గమనించాలి. గారి అనే పట్లు వేరే ఉన్నాయి. ఓసోటో-గారి, కోసోటో-గారి వంటివి. అవి బరువు మోస్తున్న కాలిని కొడవలితో కోసినట్టు లాగేవి. బరువు ఇంకా చేరని కాలికో, అప్పుడే వదిలిన కాలికో ఊడ్పు. బరువున్న కాలికి కోత. ఈ భేదం తెలియక రెండూ కలిపేయడం కొత్తవాళ్ల పాఠదోషం.

"చెయ్యి మరిచిపోకు": ఒక్క కాలే ఊడిస్తే అవతలివాడు రెండో కాలి మీద గెంతి నిలబడతాడు. చొక్కా పట్టిన చెయ్యి అదే క్షణంలో కిందికి లాగాలి, మెడపట్టీ చెయ్యి తిప్పాలి. కారు స్టీరింగ్ తిప్పినట్టు తిప్పమంటారు కోచ్‌లు. స్టీరింగ్ పట్టే వయసు రాని పిల్లలకు అది పట్టుబడదు. గోడవార బెంచీ మీద కూర్చున్న తండ్రులకు మాత్రం ఇట్టే అర్థమై, కూర్చున్నచోటే చేతులు తిప్పేస్తుంటారు.

పూర్వపక్షం. లెగ్ స్వీప్ అంటే కాలు విరగ్గొట్టడమే కదా అని ఒక వాదం. దీనికి ప్రమాణం 1984 నాటి "ది కరాటే కిడ్" సినిమా. అందులో దుష్టగురువు, ఎదుటివాడి దెబ్బతిన్న కాలినే ఊడ్చెయ్యమని శిష్యుణ్ని పురమాయిస్తాడు. నలభై ఏళ్లుగా అమెరికా పిల్లల బుర్రలో ఈ పట్టుకు అదే బొమ్మ. సిద్ధాంతం: ఆ గురువు గురి కాలి మీద, మన సూత్రకారుడి గురి అడుగు మీద. నొప్పి ఉన్న చోటు వెతికేవాడికి అడుగు వినబడదు. అదే సినిమాలో మంచి గురువు మియాగీ వేషం వేసిన ప్యాట్ మొరీటా డబ్లిన్‌కు ఉత్తరాన, శాక్రమెంటో నది డెల్టాలోని ఐల్టన్ ఊళ్లో పుట్టాడు. వెన్నెముక క్షయతో చిన్నతనమంతా ఆస్పత్రిలో గడిపాడు. నయమయ్యాక ఆ కుర్రవాణ్ని నేరుగా, రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నడిపిన జపాన్ సంతతివారి నిర్బంధ శిబిరానికి తీసుకెళ్లారు.

గురుపరంపర చెప్పాలన్నా ఆ శిబిరాల మీదుగానే పోవాలి. డబ్లిన్ నుంచి 680 మీద దక్షిణంగా 30 మైళ్లు దాటితే శాన్‌హోసే. అక్కడి స్టేట్ యూనివర్సిటీలో చదువుకుంటూనే జూడో నేర్పడం మొదలుపెట్టినవాడు యోష్ ఉచిదా. యుద్ధకాలంలో ఆయన అమెరికా సైన్యంలో ఉన్నాడు, కుటుంబం నిర్బంధంలో ఉంది. 1942లో శిబిరాలకు పంపే ముందు జపాన్ మూలాల కుటుంబాలను వరసలో నిలబెట్టి పేర్లు నమోదు చేసుకున్న చోట్లలో ఆ యూనివర్సిటీ వ్యాయామశాల ఒకటి. యుద్ధం ముగిశాక ఆయన తిరిగొచ్చి మళ్లీ అక్కడే మ్యాట్లు పరిచాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జూడో తొలిసారి అడుగుపెట్టినప్పుడు అమెరికా జట్టు కోచ్ ఆయనే. 1962లో మొదలైన కాలేజీ జాతీయ పోటీలను ఆయన జట్టు 40 సార్లకు పైగా గెలిచింది. 1997లో ఆ వ్యాయామశాలకే ఆయన పేరు పెట్టారు. 2024లో, 104 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ధర్మసందేహం. తెలుగింట పుట్టిన పిల్లలకు మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. ఎవరికైనా కాలు తగిలితే వెంటనే వాళ్లను తాకి కళ్లకద్దుకోవడం మనవాళ్లకు మాటలు రాకముందే అబ్బే అలవాటు. ఇప్పుడు ఊడ్పంటే బుద్ధిపూర్వకంగా కాలు తగిలించడమే. మొదటి వారం కొందరి చెయ్యి పట్టు వదిలి అదంతట అదే కళ్ల దగ్గరికి పోతుంది. అంతలో జతగాడు నిక్షేపంగా నిలబడి ఉంటాడు. ఆర్నెల్లు ఉండి పోదామని తెనాలి నుంచి వచ్చిన అమ్మమ్మ ఇది చూస్తే ఊరుకోదు.

"ఏరా కన్నా, వాడికి కాలు తగిలితే దండం పెట్టుకోవేంరా?"

"ముందే పెట్టేశా అమ్మమ్మా. అయిపోయాక మళ్లీ పెడతా."

వాడి జవాబు శాస్త్రసమ్మతమే. జూడోలో మ్యాట్ ఎక్కేటప్పుడు వంగి నమస్కారం, దిగేటప్పుడు నమస్కారం, జతగాడితో మొదలుపెట్టే ముందు, ముగించాక నమస్కారం. తగలబోయే కాలికి ముందస్తుగా ఒకటి, తగిలిన కాలికి ఇంకొకటి లెక్కన చెల్లిపోతుంది. అమ్మమ్మ దీనికి ఒప్పుకుంది గానీ, పడ్డ పిల్లవాడికి మంచినీళ్లు ఇవ్వమని మాత్రం ఆజ్ఞాపించింది.

పడటం మాట వచ్చింది గనక, సూత్రంలో లేకపోయినా సూత్రానికి ముందే ఉన్న పాఠం చెప్పాలి. ఉకెమి, అంటే పడే విద్య. గడ్డం రొమ్ముకు ఆనించి, ఊపిరి వదులుతూ, చేతిని ఒంటికి కాస్త ఎడంగా చాపి అరచెయ్యి, ముంజెయ్యి కలిపి మ్యాట్‌ను చరచాలి. పడేటప్పుడు చెయ్యి ఊనితే మణికట్టు పోతుంది. గడ్డం మరిచిపోతే తల పోతుంది. ఇది వేళాకోళం కాదు. 1983 తర్వాతి మూడు దశాబ్దాల్లో జపాన్ బడుల్లో జూడో వల్ల నూరుమందికి పైగా పిల్లలు చనిపోయారని అక్కడి పరిశోధకులు లెక్కతేల్చారు. ఎక్కువ దెబ్బలు తలకే, ఎక్కువమంది కొత్తగా చేరినవాళ్లే. కాబట్టి బెంచీ మీది తండ్రులు "నెలయింది, ఇంకా పొర్లడమేనా, పడేయడం ఎప్పుడు?" అని అడిగినా, మంచి కోచ్ వినిపించుకోడు. వినిపించుకునే కోచ్ దగ్గరైతే పిల్లవాణ్ని మాన్పించడం మేలు.

విశేషం. 2010లో అంతర్జాతీయ జూడో సమాఖ్య చేత్తో నేరుగా కాళ్లు పట్టి పడేయడాన్ని నిషేధించింది. 2013లో ఆ కట్టడి ఇంకా బిగిసింది. హైదరాబాదు తాలీముల్లో కుస్తీ చూసినవాళ్లకూ, అమెరికా హైస్కూల్ రెజ్లింగ్ చేసి వచ్చిన కుర్రాళ్లకూ ఇది అన్యాయంగా తోస్తుంది. వాళ్ల చేతులు ముందుగా పోయేది ఎదుటివాడి మోకాళ్ల మీదికే. జూడో మ్యాట్ మీద అలా పోయిన చేతికి శిక్ష పడుతుంది. కాలి పని కాలే చెయ్యాలి. దాంతో ఊడ్పుకు గిరాకీ పెరిగింది.

తాత్పర్యం: పైన చెప్పినదంతా కోచ్ అర నిమిషంలో చేసి చూపించి, "జతలు మారండి" అంటాడు.

రెండు కాళ్లనూ కలిపి ఒకేసారి ఊడ్చే ఒకురి-ఆషి-బరాయి రెండో వర్గంలో ఉంది, నలభైలో పదమూడోది. దాని మూలం వచ్చే సెషన్‌లో. ఫీజు మాత్రం ఈ నెలాఖరులోపే కట్టాలి.