కడిగితే పోని వేషం

న్యూజెర్సీలో ఉండే మా మేనల్లుడు ఫోన్ చేసినప్పుడల్లా ఏదో ఒక మ్యూజికల్ చూసొచ్చానంటాడు. ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’ బ్రాడ్‌వేలో 1988 నుంచి 2023 దాకా 13,981 ఆటలు ఆడిందట. అందులో పెద్ద షాండిలియర్ ఊడి పడుతుందట, జనం చప్పట్లు కొడతారట. మా ఊళ్లో ఆట మధ్యలో ట్యూబులైటు ఊడిపడితే ఎవరూ చప్పట్లు కొట్టరు. కరెంటు పని తెలిసిన దశరథుణ్ణి తెర వెనక నుంచి పిలుస్తారు. అప్పటికే చచ్చిపోయాడు గనక ఆయనకు తీరికే.

"నీకు నచ్చిన మ్యూజికల్ ఏంది మామా?" అన్నాడు.

"చిరుతల రామాయణం అల్లుడా."

కరీంనగర్ పల్లెల్లో పొలం పనులు సల్లబడ్డాక ఊరంతా కలిసి ఒక గురువును పిలిపించుకుంటుంది. పగలంతా నాగలో మగ్గమో పట్టిన చేతులకు ఆయన రాత్రిళ్లు తాళం వేసే చిరుతలు పట్టిస్తాడు. పాట, అడుగు, చిరుతల దెబ్బ మూడూ ఒకేసారి పడాలి. మొదట్లో ఏ రెండూ కలవవు. అలా నెలల తరబడి నేర్చి ఆడితే, చివరికి పట్టాభిషేకం. ఆ రోజు ఇల్లిల్లూ చుట్టాలతో నిండుతుంది, వేషగాళ్లకు కొత్త బట్టలు పెడతారు.

ఏ పాట ఇష్టమంటే మాత్రం ఊరు నిలువునా చీలుతుంది. ముసలమ్మలది లక్ష్మణ మూర్ఛ. రాముడు తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని పాట ఎత్తుకోగానే కొంగులు కళ్లకు పోతాయి. ఇంతకుముందు ఆడినప్పుడల్లా లేచాడు, నిజమే. ఈసారి లేవకపోతేనో? పిల్లలది లంకాదహనం. హనుమంతుని తోకకు ఎంత కిరసనాయిలు పోశారన్నదే వాళ్లకు సంగీతం.

బ్రాడ్‌వేలో పాట అయ్యేదాకా ఆగి చప్పట్లు కొట్టాలి. మా దగ్గర నచ్చిన క్షణానే కట్నం. రాముడు ఏడుస్తూ రాగం తీస్తుంటే మైకులో ఒకాయన అందుకుంటాడు: "కిరాణం సేటు రాములోరికి యాబై రూపాలు!" దుఃఖం అక్కడే ఆగుతుంది. రాముడు సేటును రాగంలోనే దీవించి, మళ్లీ ఏడుపు అందుకుంటాడు. శ్రుతి తప్పదు. సేటు పక్కింటాయన ఇంకో ఇరవై ఎక్కువ చదివిస్తే దుఃఖం ఇంకో చరణం పెరుగుతుంది. మూర్ఛలో ఉన్న లక్ష్మణుడు కళ్లు మూసుకునే లెక్క పెట్టుకుంటాడు.

ఆదిలాబాద్ వైపు లెక్కే వేరు. దీపావళి రోజుల్లో గోండు గూడేల దండారి బృందాలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతాయి. నెమలి ఈకల కిరీటాలతో గుస్సాడీలు ఆడతారు. టికెట్టు లేదు సరికదా, వచ్చిన బృందానికి ఆ గూడెమే అన్నం పెడుతుంది. ఆ ఆటనే బతుకంతా ఆడి, పదిమందికీ నేర్పిన మర్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఇది చెబితే మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. టికెట్టు పైసలు కట్టి, లోపల మంచినీళ్లు కూడా కొనుక్కున్న మనిషి గదా.

ఇంకో తేడా ఉంది. అక్కడి నటులు ఆట కాగానే రంగు కడుక్కుని ఇంటికి పోతారు. మా దగ్గర రంగు పోతుంది గానీ వేషం పోదు. ఎప్పుడో సీత కట్టిన దర్జీకి ఇప్పుడు మనవలున్నారు. జాకెట్లు కుట్టించుకునేవాళ్లు ఇప్పటికీ "సీతమ్మా, కొలత సూడు" అనే అంటారు. కుంభకర్ణుడు పెండ్లికి వస్తే వంటాయన ఇంకో గుండిగ పొయ్యి మీదికి ఎక్కిస్తాడు.

పోయిన పంచాయతీ ఎన్నికల్లో రాముడు, రావణుడు ఇద్దరూ సర్పంచికి నిలబడ్డారు. రాముడు ధర్మం గురించి చెప్పుకుంటూ తిరిగాడు. రావణుడు అడిగిన వాకిట్లోనల్లా నిలబడి తన దర్బారు పాట పాడాడు. రావణుడే గెలిచాడు.

ఇదేం అన్యాయమని మా పెద్దమ్మను అడిగాను.

"రాముడు మంచోడే బిడ్డా" అంది. "కాని పాట రావణునిదే బాగుండె."