కాబోయే లబ్ధిదారు

సొంతంగా సంపాదించుకుంటూ, ఆ సంపాదన చాలక, జీవితంలో మొదటిసారి ప్రభుత్వ పథకం కోసం కాగితాలు పట్టుకుని బయల్దేరిన ఉద్యోగిని తల్లిని కాబోయే లబ్ధిదారు అనవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఈవిడ జూన్ నెలలో, బడులు తెరిచే వేళకు, వీధివీధినా కనబడుతుంది. బట్టల షోరూములో సేల్స్‌గర్ల్, ప్రైవేటు బడిలో టీచరు, నర్సింగ్ హోములో రిసెప్షనిస్టు, ఇలా ఏదో ఒక ఉద్యోగం. నెల జీతం పన్నెండు వేలకు అటూ ఇటూ. ఆ అటూ ఇటూ దగ్గరే ఆమె తిప్పలన్నీ మొదలవుతాయి.

ఈమెను గుర్తుపట్టడం కష్టం కాదు. చేతిలో పెళ్లిచీర కొన్నప్పటి షోరూము కవరు ఉంటుంది. అందులో ఆధార్ జిరాక్సులు నాలుగు, రైస్ కార్డు జిరాక్సులు మూడు, బ్యాంకు పాసు పుస్తకం, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు ఎనిమిది, వాటిలో రెండు పెళ్లికి ముందువి. ఒకటి అడిగితే నాలుగిస్తుంది. ఒరిజినల్ మాత్రం అడిగినా చేతికివ్వదు, చూపించి వెనక్కి తీసుకుంటుంది. రోజూ పథకాల పనిమీద వచ్చేవాళ్లు ఊళ్లోని వార్డు సచివాలయంలో కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ఈమె గుమ్మం దగ్గర, పోస్టరు చదువుతున్నట్టు, కాస్త పక్కకు నిలబడుతుంది. వంతు వచ్చాక మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఇదే: "మా పక్కింటావిడ కోసం కనుక్కుందామని వచ్చానండి." అవతల డిజిటల్ అసిస్టెంటుకు ఈ పక్కింటావిడ పాత చుట్టమే. "సరే మేడమ్, పక్కింటావిడ ఆధార్ నంబరు చెప్పండి" అంటాడు. ఈమె పన్నెండు అంకెలూ కాగితం చూడకుండా గడగడా అప్పజెప్పేస్తుంది.

ఆ మొహమాటానికి కారణం ఉంది. నిన్నటిదాకా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "ఉచితాలతో జనం సోమరులైపోతున్నారు" అనే మెసేజీలు పంపినది ఈమే. ఆ అభిప్రాయం ఇప్పుడు కూడా మారలేదు, చిన్న సవరణ జరిగింది: పిల్లల చదువుకిచ్చేది ఉచితాల్లోకి రాదు.

ఆ చదువుకిచ్చేదే ప్రస్తుతం తల్లికి వందనం. దీనికి ముందు 2020 జనవరి 9న చిత్తూరులో మొదలైన అమ్మ ఒడి ఉండేది. అందులో ఎంతమంది పిల్లలున్నా తల్లికి ఏడాదికి ఒక్క బిడ్డ లెక్కనే ఇచ్చేవారు. 2025 జూన్ 12న వచ్చిన తల్లికి వందనంలో ఇంట్లో చదువుకునే ప్రతి బిడ్డకూ లెక్క కడతారు. బిడ్డకు రూ.15,000, అందులో బడి నిర్వహణకూ మరుగుదొడ్లకూ రూ.2,000 పక్కన పెట్టగా తల్లి ఖాతాలో పడేది రూ.13,000. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా, సర్కారు బడైనా ప్రైవేటు బడైనా సరే. బిడ్డకు 75 శాతం హాజరుండాలి. మొదటి ఏడాది 67 లక్షలకు పైగా విద్యార్థులకు ఇచ్చారు.

తమాషా ఏమిటంటే, దీనికి అసలు దరఖాస్తే లేదు. బడి లెక్కలూ ఇంటి లెక్కలూ కంప్యూటరే సరిచూసి, అర్హుల జాబితా, అనర్హుల జాబితా అని రెండు కాగితాలు సచివాలయం గోడకు అంటిస్తుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ మొదటి జాబితాలో ఉన్న అమ్మకు అడక్కుండానే పెడతారు. రెండో జాబితాలో ఉన్న అమ్మ వెళ్లి అడగాలి, ఆమె దరఖాస్తు అక్కడ మొదలవుతుంది. కాబోయే లబ్ధిదారు పేరు చాలావరకు రెండో జాబితాలోనే ఉంటుంది, పక్కన ఒక చిన్న కారణంతో.

కారణాలు చాలానే ఉండొచ్చు. కుటుంబం నెలసరి ఆదాయం పల్లెలో పదివేలు, పట్నంలో పన్నెండు వేలు దాటకూడదు. మాగాణి మూడెకరాల లోపు, మెట్ట పదెకరాల లోపు ఉండాలి. కరెంటు ఏడాది సగటున నెలకు మూడొందల యూనిట్లు దాటకూడదు. కారు ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఫర్వాలేదు. పట్నంలో వెయ్యి చదరపు అడుగుల సొంతిల్లు ఉండకూడదు. ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. ప్రభుత్వోద్యోగులు కూడా ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికులు మినహాయింపు.

నిరుపేదకూ ఘరానా ఇంటివాళ్లకూ ఈ జల్లెడతో పేచీ లేదు, ఒకరు పైనుంటారు, ఒకరు కిందికి దిగిపోతారు. కాబోయే లబ్ధిదారు మాత్రం కన్నంలోనే ఇరుక్కుంటుంది. పదకొండు వేల జీతం మీద బతికే ఇల్లు మునిసిపాలిటీలో ఉంటే పేద ఇల్లు. అదే ఇల్లు కల్వర్టు దాటి పంచాయతీలోకి పడితే కలిగిన ఇల్లు. ఆ కల్వర్టు మీదుగా ఆమె రోజూ స్కూటీ మీద వెళ్తూనే ఉంటుంది, కలిమిలేములు అక్కడ మారతాయని ఆమెకెవరూ చెప్పలేదు.

పైగా ఆ స్కూటీకి అప్పు పుట్టినప్పుడు ఆమె ఫైనాన్సు కంపెనీవాళ్లకు జీతం తక్కువ చెప్పలేదు. ఇన్సెంటివులు, దసరా బోనసు, సాయంత్రం ట్యూషన్లు, అన్నీ కలిపి పద్దెనిమిది వేలు చెప్పింది. సచివాలయంలో ఇన్సెంటివులు గుర్తుకు రావు. ట్యూషన్ పిల్లలు "ఏదో పక్కిళ్లవాళ్లు" అయిపోతారు. ఒకే జీతం ఫైనాన్సు కంపెనీ మెట్లెక్కితే పెరుగుతుంది, సచివాలయం మెట్లెక్కితే తగ్గుతుంది. అబద్ధమాడే మనిషి కాదు. రెండు చోట్లా నిజమే చెబుతుంది, ఏది కలపాలో ఏది కలపకూడదో చూసుకుని. భర్త ఇంకొక అడుగు ముందుకు వేసి, ఎప్పుడో లోను ఫైలు బరువుగా కనబడాలని ఆడిటరు చేత ఐటీ రిటర్ను వేయించి ఉంటాడు. పైసా పన్ను కట్టలేదు. అయినా ఆ కాగితం ఎక్కడ పడుకుని ఎప్పుడు లేస్తుందోనని ఇంటిల్లిపాదికీ గుబులే.

అన్నిటికంటే చిక్కైనది మ్యాపింగ్. ఎవరు ఏ కుటుంబంలో ఉన్నారో ప్రభుత్వం రాసుకున్న లెక్కకు ఆ పేరు. 2019 అక్టోబరు 2న కాకినాడ దగ్గర కరపలో మొదలై, తర్వాత రాష్ట్రమంతా 15,004 దాకా పెరిగిన సచివాలయాల వ్యవస్థలో, వాలంటీర్లు ఇంటింటికీ తిరిగి ఈ వివరాలు ఎక్కించారు. అత్తగారింటికి వాళ్లు వచ్చిన రోజు కోడలు డ్యూటీలో ఉంది. గుమ్మంలో వాలంటీరుకు ఎదురైంది అత్తగారు. "ఎంతమంది ఉంటారమ్మా?" అనడిగితే ఆవిడ పమిట సర్దుకుని, "మాది ఉమ్మడి కుటుంబం బాబూ, ఇద్దరు కొడుకులూ కోడళ్లూ అందరం కలిసే ఉంటాం" అని గర్వంగా చెప్పింది. అప్పటికి రెండో కొడుకు వేరింటి కాపురం పెట్టి మూడేళ్లయింది. ఆ సంగతి పరాయి కుర్రాడికి చెప్పడం ఆవిడకు ఇష్టం లేదు. పెద్ద కొడుకు కానిస్టేబులు. అత్తగారి పరువు అలా కంప్యూటరెక్కి, అయిదారేళ్ల తర్వాత చిన్న కోడలి పేరు పక్కన "కుటుంబంలో ప్రభుత్వోద్యోగి" అని దిగింది. బావగారి జీతంలోంచి ఆ ఇంటికి ఇప్పటిదాకా వచ్చింది పండక్కి ఒక స్వీటు డబ్బా.

బావగారి నుంచి విడిపోవాలంటే రైస్ కార్డు స్ప్లిట్ చేయించాలి. దానికి పెళ్లి సర్టిఫికెట్టు కావాలని ఎవరో చెబుతారు. అయిదొందల విస్తళ్లు లేచిన పెళ్లి, రెండు ఆల్బములు, మూడు గంటల వీడియో ఉన్నాయి, సర్టిఫికెట్టు లేదు. దానికి రిజిస్ట్రార్ ఆఫీసులో శుభలేఖ అడుగుతారు. వెయ్యి శుభలేఖలు అచ్చు వేయించిన ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. చివరికి మేనత్త ఇంట్లో, పోపుల డబ్బా అడుగున నూనె మరకలతో ఒకటి దొరుకుతుంది. అందులో పెళ్లికూతురి పేరు ముద్దుపేరుతో వేశారు.

పేరు కుదిరాక వేలు రావాలి. మనిషిని ఆధార్‌తో సరిచూసే ఈకేవైసీకి మెషీన్ మీద థంబ్ వేయమంటారు. చాక్‌పీసు పట్టిన వేలు, అంట్ల పీచుతో అరిగిన వేలు, రోజుకు వందసార్లు చీర మడతలు విప్పి మడిచిన వేలు ఒక పట్టాన పడదు. ఎర్ర లైటు వెలుగుతుంది. "మళ్లీ పెట్టండి మేడమ్." చీర కొంగుకు తుడుచుకుని పెడుతుంది. ఎర్ర లైటే. "తలకి కాస్త రుద్దుకుని పెట్టండి" అని వెనకనుంచి ఓ పెద్దావిడ సలహా. జుట్టుకున్న కొబ్బరినూనె వేలికంటుతుంది. ఈసారి పచ్చ లైటు వెలుగుతుంది, వెంటనే సర్వరు పోతుంది. లైనంతా ఒక్కసారి నిట్టూరుస్తుంది. సర్వరు వచ్చేదాకా ఆ వేలిని గాల్లో అలాగే పట్టుకుని నిలబడటం చూస్తే ఇంక్ చుక్క పెట్టించుకున్న ఓటరేమో అనిపిస్తుంది. థంబ్ కాకపోతే ఓటీపీ ఉంది. అది ఆధార్‌కిచ్చిన నంబరుకు వెళ్తుంది. ఆ నంబరు భర్త పెళ్లికి ముందు వాడి వదిలేసిన సిమ్. ఆయన మాత్రం మొదటినుంచీ "నేనొక్క ఫోన్ కొడితే అయిపోద్ది" అంటూనే ఉంటాడు. ఎవరికి కొడతాడో చెప్పడు.

బ్యాంకు ఘట్టం చిన్నదే. డబ్బు ఆమె ఇచ్చిన ఖాతాలో పడదు, బ్యాంకుల చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐలో ఆధార్‌తో ముడిపడి ఉన్న ఖాతాలో పడుతుంది. ఆ ఖాతా ఏదో ఆమెకే తెలియదు. వెతికితే, డిగ్రీలో స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఆంధ్రా బ్యాంకు పుస్తకం బయటపడుతుంది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పుస్తకం అట్ట మీద మాత్రం ఇంకా పాత పేరే ఉంది.

ఇక సెలవులు. సచివాలయం తెరిచే వేళకు షోరూములో ఆమె హాజరు పడాలి, షోరూము మూసే వేళకు సచివాలయం సిబ్బంది భోజనాలు చేసి పడుకుని ఉంటారు. కాబట్టి పూటపూటగా సెలవు పెడుతుంది. మొదటిసారి కడుపునొప్పి, రెండోసారి అత్తగారి కడుపునొప్పి. మూడోసారి లైన్లో తనకు ముందు నిలబడినది చీరల సెక్షన్ సహోద్యోగి అని తెలుస్తుంది. ఆవిడది జ్వరం. ఇద్దరూ ఒకరి ఆరోగ్యం ఒకరు అడగరు. పూటకు రెండొందల చొప్పున జీతం కోత, పెట్రోలు, జిరాక్సులు కలిపి ఇప్పటికి ఎంతయిందో ఆమె లెక్క వేస్తుంది. మూడు వేలు దాటగానే లెక్క ఆపేస్తుంది, అంతకుమించి వేస్తే మనసు విరుగుతుందని.

తెలంగాణలో ఈ అవస్థంతా ఒక్క విడతలో కుదించారు. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన పేరుతో ఊరూరా పథకాల దరఖాస్తులు తీసుకుంటే కోటీ పాతిక లక్షలకు పైగా వచ్చాయి. అక్కడి ఉద్యోగిని తల్లి పక్కింటావిడ పేరు చెప్పుకునే అవసరం లేకపోయింది. పక్కింటావిడ ఆమెకంటే ముందే లైన్లో ఉంది.

ఇన్ని గండాలు దాటాక, ఏదో ఒక పొద్దున డ్యూటీలో ఉండగా ఫోన్ టింగుమంటుంది. పదమూడు వేలు. ట్రయల్ రూము వెనక్కి వెళ్లి మెసేజీ రెండుసార్లు చదువుకుంటుంది. మధ్యాహ్నం రెండింటికి పిల్లాడి బడినుంచి ఫోన్: "తల్లికి వందనం పడిందట కదా మేడమ్, టర్మ్ ఫీజు ఎప్పుడు కడతారు?" సాయంత్రానికి ఖాతాలో రెండొందల చిల్లర మిగులుతుంది.

డబ్బు వెళ్లిపోయినా విద్య మిగులుతుంది. ఆనాటితో ఆమె కాబోయే లబ్ధిదారు కాదు, వీధికంతటికీ సలహాదారు. సచివాలయంలో ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. కొత్తగా వచ్చి గుమ్మం దగ్గర పోస్టరు చదువుతున్నావిణ్ణి పిలిచి, "ముందు మ్యాపింగ్ చూపించుకోండి, తర్వాత ఎన్‌పీసీఐ. సోమవారం రాకండి, రద్దీగా ఉంటుంది" అని చెబుతుంది. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా సోమరుల మెసేజీ పెడితే చదివి ఊరుకుంటుంది.

వచ్చే ఏడు పిల్లల్ని ఒకటో తరగతిలో వేసేవాళ్లు బావగారి కార్డులోంచి ఇప్పుడే బయటపడటం మంచిది. పెళ్లికాని పిల్లలున్నవాళ్లు శుభలేఖలు అచ్చువేయించేటప్పుడు ఆధార్‌లో ఉన్న పేరే వేయించి, ఒకటి బీరువాలో దాచండి.