నా పనేంది మామా?

"మామా, ఇంతకూ నా పనేంది?"

రోజూ రాత్రి డ్యూటీ దిగి వచ్చి మా మేనల్లుడు అడిగే మాట ఇదే. నేనేమన్నా వాడి మేనేజర్నా? ముంబై కామాటిపురా గల్లీలో, చాల్ ఖోలీలో, బనియన్ మీద కూర్చుని ఉల్లిగడ్డ కోసుకునేవాణ్ణి. వాడి ఆఫీసేమో లోయర్ పరేల్‌లో, ఒకప్పటి మిల్లు జాగాలో లేచిన అద్దాల మేడ. హోదా పేరులో నాలుగు ఇంగ్లీషు ముక్కలున్నాయి, ఒక్కటీ పనేమిటో చెప్పదు. మేనేజర్నడిగితే "ఓనర్‌షిప్ తీసుకో" అంటాడట. దేనికి ఓనరో చెప్పడు. తోడుగా ఒక "బడ్డీ"నిచ్చారు. ఆయన వీడికంటే వారం ముందు చేరాడు. సందేహాలొస్తే వీణ్ణే అడుగుతున్నాడు.

పని చెప్పలేదు గానీ, చేరగానే వెల్‌కమ్ కిట్ ఇచ్చారు: సీసా, కప్పు, డైరీ, కుండీలో ఓ మొక్క. మొక్కెందుకయ్యా? ఏసీకి వాడిపోతోందని ఇంటికి మోసుకొచ్చాడు. మా ఖోలీలో ఒకరు కాళ్లు చాపితే ఇంకొకరు ముడుచుకోవాలి. కిటికీలో పెడితే పావురాలు. గ్యాలరీలో పెడితే "నడిచే తొవ్వల ఇదేంది?" అని పక్క ఖోలీ అత్త. అన్నదే గానీ, ముందు నీళ్లు పోసింది ఆమే. రోజు విడిచి రోజు చాలని దర్జీ తాత. బియ్యం కడిగిన నీళ్లయితే మేలని ఇంకో వదిన. చేపలు కడిగిన నీళ్లకు మించింది లేదని మరాఠీ మావుషి. ఈ ప్రతిపాదన మీద చర్చ రెండో అంతస్తు దాకా పాకి, శాకాహార వర్గం వాకౌట్ చేసింది. చివరికి వంతులు పడ్డాయి. ఎవరు ఎప్పుడు పోయాలి, ఊరెళితే ఎవరు చూడాలి, ఆకు పండుబారితే ఎవరికి చెప్పాలి, అన్నీ నల్లా వచ్చేలోపే తేలిపోయాయి. మొక్క చేరి ఒక్క పూటే. వీడి సంగతి నెల దాటినా తేల్లేదు!

మా నాయన కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడి బట్టల మిల్లులో బద్లీగా చేరాడు. పొద్దున్నే గేటు కాడ నిలబడాలి, ఎవరైనా నాగా పెడితేనే కూలి. ఆ కాలం బంగారమని నేననను. కూలీలను పనిలోకి పిలిచే జాబర్ చేయి తడపనిదే పిలుపు రాదు. ఆ దందా తగ్గించడానికే 1935లోనే మిల్లు యజమానుల సంఘం బద్లీలకు ఒక పద్ధతి పెట్టింది. అయినా 1982 జనవరి 18న మిల్లు కార్మికుల సమ్మె మొదలైనప్పుడు బద్లీలను పర్మనెంట్ చేయాలన్నది ఇంకా ఒక డిమాండే. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు, మిల్లులే ముగిశాయి.

కానీ నాయన ఒకటి చెప్పేవాడు. బట్ట నేసే సాంచాల మోతలో మాట వినపడదు. అందుకని పక్క సాంచా మనిషి ఈయన వేళ్లు పట్టుకుని, తెగిన పోగుకు ముడి వేయించాడట. ఒకసారి, మళ్లీ ఒకసారి, చెయ్యి కుదిరేదాకా. ఆ పక్క మనిషి కూలీ పీసుల లెక్కనే. ఆ కాసేపు తన సాంచా ఆగితే నష్టం ఆయనకే.

మేనల్లుడి ఆఫీసులో చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. ఎవరి జీతమూ కోయరు. అయినా పక్కన కూర్చుని "ఇది నీ పని, ఇది కాదు, తెలియకుంటే నన్నడుగు" అనే మనిషి ఒక్కడు దొరకలేదు. చదువుకున్న పోరడు, లోపం తనలోనే ఉందనుకుంటున్నాడు. కప్పుకూ సీసాకూ పెట్టిన ఖర్చు నాకు బాధ లేదు, వాడు అట్ల అనుకోవడమే బాధ.