టాప్ మోడల్

మా మావయ్య కోల్‌కతాలో, గార్డెన్ రీచ్‌లోని సౌత్ ఈస్టర్న్ రైల్వే ప్రధాన కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ చేరిన కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. ఇప్పుడుండేది లేక్ మార్కెట్ వెనక సందులో, మేడ మీద వాటా. పింఛనే ఆధారం. పైగా ఎప్పట్నుంచో ఆయాసం.

2025 మొదట్లో ఆయన కొడుకు, మా బావ, థార్ రాక్స్ కారు కొంటానన్నాడు. డార్జిలింగ్ పైన సందక్‌ఫూ దాకా సొంత బండిలో వెళ్లాలని వాడికి కాలేజీ రోజుల నుంచీ కోరిక. అది 3,636 మీటర్ల ఎత్తు, బెంగాల్‌లో అంతకన్నా ఎత్తయిన చోటు లేదు. మావయ్య ఉద్యోగంలో ఉండగానే అక్కడికి వెళ్లొచ్చాడు. మానేభంజ్యాంగ్ నుంచి కొండ మీదికి 1950ల నాటి ల్యాండ్ రోవర్లు ఇంకా మనుషుల్ని చేరవేస్తున్నాయి. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు, రాళ్ల మీద ఎక్కుతూనే ఉంటాయి. అందుకే మావయ్య మాట ఒకటే: "బండికి ఇంజిను, చక్రాలు, బ్రేకులు బాగుంటే చాల్రా."

షోరూంలో కరపత్రం మీద పెన్సిల్ పెట్టుకుని కూర్చున్నాడు. అప్పట్లో అన్నిటికన్నా కింది మోడల్ ఎంఎక్స్1. డీజిల్‌లో ఎక్స్ షోరూం ధర (ఇక్కడి ధరలన్నీ విడుదలనాటివే) 13.99 లక్షలు. దాంట్లోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు, పెద్ద టచ్ స్క్రీన్ ఉన్నాయి. లేనిది ఫోర్ బై ఫోర్. రాక్స్‌లో ఫోర్ బై ఫోర్ డీజిల్‌కే ఇచ్చారు, అదీ ఎంఎక్స్5 నుంచి పైకే, 18.79 లక్షలు పెడితేనే. ఇక కొసన ఏఎక్స్7ఎల్, ఫోర్ బై ఫోర్ మాన్యువల్ 20.99 లక్షలు. కప్పుకి పెద్ద అద్దం, గాలి తగిలే సీట్లు, తొమ్మిది స్పీకర్లు, చుట్టూ కెమెరాలు.

నన్నడిగితే, కొండలెక్కే బండి కొనేవాడు ముందు చూసుకోవాల్సింది నాలుగు చక్రాలకీ లాగే శక్తి. దాని తర్వాతే అద్దాలూ సీట్లూ. మావయ్య పెన్సిల్ కూడా మధ్యలో ఎంఎక్స్5 దగ్గరే ఆగింది. బావ ఒప్పుకోలేదు. ఆఫీసులో తన కింద పనిచేసేవాడే టాప్ మోడల్లో వస్తున్నాడట. ఆ సంగతి పైకి చెప్పకుండా తండ్రి చెయ్యి పట్టుకుని ఇంకో మాట అన్నాడు.

"వానాకాలం రాత్రిపూట నీకు ఆయాసం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఒక బండి ఉండాలి కద నాన్నా. ఇది 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో కూడా వెళ్తుందని కంపెనీయే రాసింది చూడు."

ఆ మాటకి మావయ్య కరిగిపోయాడు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకున్నాడు. అది రద్దు చేయించి, కింది మోడలుకీ పై మోడలుకీ ఉన్న తేడా ఏడు లక్షలూ కొడుకు చేతిలో పెట్టాడు.

చివర్లో బీమా కాగితాలొచ్చాయి. నీళ్లలో ఇంజిను పాడైతే మామూలు బీమా చాలాసార్లు డబ్బివ్వదు, ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోవాలి. గాలి లోపలికి పోయే దారిలోంచి నీళ్లు సిలిండర్లోకి చేరితే, నీరు కుదించుకుపోదు కాబట్టి పిస్టన్‌ని నడిపే కడ్డీ వంగిపోతుంది. ఆ దెబ్బకి మరమ్మతు ఖర్చు లక్షల్లోకి పోతుంది. బావ ఆ ప్రొటెక్షన్ కొట్టేయించి, ఆ డబ్బుకి లోపల రంగు దీపాలు పెట్టించుకున్నాడు.

బండి వచ్చింది. వానలూ వచ్చాయి. మబ్బు పట్టిందంటే బావకి గుండె దడ. దూరంగా ఉన్న స్నేహితుడి అపార్ట్‌మెంటులో, ర్యాంపు ఎక్కి వెళ్లే పై అంతస్తు పార్కింగులో బండి పెట్టి, ఆటోలో ఇంటికొచ్చేవాడు. సెప్టెంబరు 22న, మహాలయ మర్నాడు, అల్పపీడనం వార్త విని సాయంత్రమే పెట్టి వచ్చాడు.

ఆ రాత్రి కురిసిన వాన కోల్‌కతా వాళ్లెవరూ మర్చిపోరు. తెల్లవారేసరికి ఇరవై నాలుగు గంటల లెక్కలో 251.4 మిల్లీమీటర్లు. దుర్గాపూజ పందిళ్ల వెదురు బొంగులు నీళ్లలో నిలబడ్డాయి. నగరంలో పదిమంది దాకా పోయారు, ఎక్కువమంది కరెంటు కొట్టే.

మావయ్య వాళ్ల సందులో కరెంటు పోయింది. కరెంటు పోతే నెబ్యులైజర్ ఆడదు. మావయ్య మంచం మీద ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి గాలి కోసం గుంజుకుంటున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. అంబులెన్సు వాళ్లు సందులోకి రాలేమన్నారు. బావ చేతిలో కారు తాళం ఉంది. కారు మాత్రం నీళ్లకి అవతల ఎక్కడో ఉంది.

అత్త ఇక ఎవరి మాటా వినలేదు. మెట్లు దిగి, మొలలోతు నీళ్లలో మిఠాయి కొట్టు అరుగు దాకా వెళ్లి, అక్కడ పడుకునే బీహారీ రిక్షా అతన్ని లేపుకొచ్చింది. చేత్తో లాగే రిక్షా. మనిషిని మనిషి లాగడం పోవాలని 2006లో బెంగాల్ అసెంబ్లీ చట్టం సవరించింది. పోవాల్సిందే, నేనూ ఆ మాటే అంటాను. అయినా అవి తిరుగుతూనే ఉన్నాయి. వాటి కర్ర చక్రాలు పెద్దవి, సీటు ఎత్తు. ఊరు మునిగినప్పుడు అక్కడ మిగిలే బండి అదే.

అతను లుంగీ పైకి కట్టుకుని, దీపస్తంభాలకి దూరంగా రోడ్డు నడిమధ్యన నడిచాడు. అడుగు వెయ్యబోయే ముందు ఒట్టికాలితో నేల తడుముకునేవాడు, మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో అని. ఆ నీళ్లలో ఎక్కడ కరెంటు ఉందో అతనికీ తెలియదు. మావయ్య సీట్లో, అత్త గొడుగుతో పక్కన, బావ వెనక నుంచి రిక్షా పట్టుకుని. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఇంకో అరగంట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు అత్తతో చెప్పాడు.

దసరాకి ముందే మావయ్య ఇల్లు చేరాడు. నీళ్లు తీశాక కారూ ఇల్లు చేరింది, చిన్న గీత కూడా పడలేదు. ఆ రాత్రి సంగతి తండ్రీ కొడుకులు ఎత్తలేదు. డబ్బు సంగతీ మావయ్య ఎత్తలేదు.

మరుసటి నెల పింఛను పడగానే ఆయన మెట్లు దిగి వెళ్లి, మిఠాయి కొట్టు అరుగు మీద ఆ రిక్షా అతని చేతిలో ఐదు వందలు పెట్టాడు. ఆ పై నెలా పెట్టాడు. మూడో నెల బావ చూసి అడిగాడు, ఆ రోజు బాడుగ ఇచ్చేశాం కదా, ఇంకా ఇదెందుకని.

మావయ్య మామూలుగానే చెప్పాడు.

"రాత్రిపూట ఆయాసం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఒక బండి ఉండాలి కదరా."