బస్సుకు దారి, కారుకు పడక

జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్ రామమందిరానికి కారులో వచ్చే తెలుగువాడికి దర్శనం అయిదు నిమిషాలు, కారుకు చోటు వెతకడం అరగంట.

2005లో మొదలైన కేంద్ర నగరాభివృద్ధి పథకం జేఎన్ఎన్‌యూఆర్ఎంలో ఆ ఊరూ ఉంది, మన విశాఖా ఉంది. సముద్రపు గాలి మహిమో ఏమో, విశాఖ కాస్త పెద్ద కలే కంది: పెందుర్తి, సింహాచలం పేర్లతో బస్సుల కోసమే రెండు బీఆర్‌టీఎస్ కారిడార్లు, కలిపి 40 కిలోమీటర్ల పైమాటే. నడిమి దారి బస్సుకు, పక్క దారులు మిగతా లోకానికి.

తీరా చూస్తే, పెళ్లికొడుకు కంటే ముందే బంతిలో కూర్చున్న చుట్టాల్లా నడిమి దారిలో ఆటోలు, బైకులు దిగిపోయాయి. పక్క దారిలో కార్లు కవరు కప్పుకుని కునుకు తీస్తున్నాయి. ఇంట్లో గ్యారేజీ ఉండదు, కారుంటుంది!

ఢిల్లీది మరీ తెగింపు. 2008లో అంబేద్కర్ నగర్–మూల్‌చంద్ బస్సు దారి తెరిచి, కార్లవాళ్ల గోల భరించలేక 2016లో పీకేసింది. బస్సులో యాభై మంది, కారులో ఒక్కడు. హారన్ మాత్రం ఆ ఒక్కడిదే.

అహ్మదాబాద్‌లో మాత్రం ఇలాంటి దారిలోనే 2009 నుంచీ జన్‌మార్గ్ బస్సులు నడుస్తూనే ఉన్నాయి.

విశాఖలో ఓ బస్టాపు నీడన పొద్దుటి నుంచీ ఒక స్కూటరు నిలబడి ఉంది. బస్సు కోసమే కాబోలు.